దుబాయ్, డల్లాస్ వాళ్ల చందా ఊరి సంఘం ఖాతాలోకి ఎట్ల తీసుకోవాలె?

దేవరకొండ దిక్కు ఊరి సంఘం. బొడ్రాయి పండుగకు బయటి దేశాల్ల ఉన్నోళ్లు చందాలు ఇస్తమంటున్నరు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నోళ్లు తమ సంపాదనల నుంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. చిక్కంతా అమెరికా పౌరసత్వం తీసుకున్నోళ్లతోనే. ఓసీఐ కార్డు (మన మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు) ఉన్నా అది విదేశీ విరాళమే, సంఘానికేమో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేదు. ఉన్నా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలనే పడాలె. మూడు రోజుల పండుగకు అంత తతంగమా! ఇక్కడి అన్నదమ్ముల ఖాతాకు వేసి, వాళ్ల పేరు మీద రసీదు రాస్తే తప్పు పడుతదా? ఆడిటర్‌కు చూపించినోళ్లు చెప్పుండ్రి.

ఇంకొకటి. లెక్కలు చదివే మీటింగు ఆదివారం రాత్రి 8కి పెడితే దుబాయ్‌ల 6:30, డల్లాస్‌ల పొద్దున 9:30, చలికాలం 8:30. వాట్సాప్ కాల్ దుబాయ్‌ల కలువది. మూడు చోట్లా కాల్ కలిసే యాప్ ఏది?