నా పేరు వెతికితే ఇంకెవరో వస్తున్నారు, ఏం చేయాలి?

కొత్తవాడ మగ్గం:

అందరికీ నమస్తే. మాది వరంగల్, కొత్తవాడ. దర్రీలు నేస్తాం, ఇంట్లో మాత్రం ఇప్పటికీ జంపకానాలనే అంటాం. బాపు నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్నాడు. ఇప్పుడు నేను, నా భార్య కూర్చుంటున్నాం. ముందు గదిలో రెండు మగ్గాలు. మొదట్లో అంతా చేనేత సొసైటీకే ఇచ్చేవాళ్లం, నాలుగేళ్ల నుంచి సొంతంగా కూడా అమ్ముకుంటున్నాం.

పోయిన నెల బెంగళూరు నుంచి ఒక మేడం ఫోన్ చేశారు. వాళ్ల ఆఫీసుకు ఇరవై నాలుగు దర్రీలు కావాలన్నారు. ఆరు బై నాలుగు సైజు, నీలం తెలుపు, ఇంటర్‌లాక్ డిజైన్. శాంపిల్ పంపాను, బాగా నచ్చింది. అడ్వాన్స్ వేస్తానన్న రోజు డబ్బులు పడలేదు. రెండు రోజులు చూసి నేనే ఫోన్ చేశాను. కాసేపు నసిగి ఉన్నమాట చెప్పారు: "మీ పేరు గూగుల్‌లో కొడితే చిట్టీల కేసు వస్తోంది, మా అకౌంట్స్ వాళ్లు వద్దంటున్నారు."

ఆ కేసులో ఉన్నది ఎవరో వేరే మనిషి. పేరు అదే, ఇంటిపేరు మొదటి అక్షరం కూడా అదే. నా పేరులో శ్రీనివాస్ ఉంది, మా గల్లీలోనే ముగ్గురు శ్రీనివాస్‌లు ఉన్నారు. ఆమెకు అంతా చెప్పాను, ఆధార్ పంపాను. ఆమె నమ్మారు కానీ ఆర్డర్ అప్పటికే వేరేచోటికి పోయింది.

ఆ రాత్రి అన్నం సహించలేదు. కొత్తవాడలో నూలు షావుకారు నాకు కాగితం లేకుండా నూలు ఇస్తాడు, సరుకు అమ్ముడుపోయాక డబ్బు తీసుకుంటాడు. అది నా పేరు మీద, బాపు పేరు మీద నడిచే లెక్క. అలాంటి పేరు పక్కన మోసం అనే మాట కనిపిస్తే ఎట్లా తట్టుకోవాలి?

రెండేళ్ల కింద మా మేనల్లుడు సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్‌లో ఒక సైట్ చేసిచ్చాడు. ఫేస్‌బుక్ పేజీ ఉంది, యూట్యూబ్‌లో మూడు వీడియోలు ఉన్నాయి. నా ఫోన్లో పేరు కొడితే నా సైటే ముందు వస్తుంది. వేరేవాళ్ల ఫోన్లో మూడు పేజీలు చూసినా లేదు. ఇదెందుకు? హన్మకొండలో ఒకతను పదిహేను వేలు ఇస్తే మొదటి పేజీ గ్యారంటీ అంటున్నాడు, ఇవ్వమంటారా? ఆ కేసులో ఉన్నది నేను కాదని సైట్ మీద పెద్దగా రాసి పెట్టనా?

నయీంనగర్ వెబ్ పని:

అన్నా, ముందు ఆ పదిహేను వేలు జేబులోనే ఉంచు. మొదటి స్థానం గ్యారంటీ అని ఎవరూ చెప్పలేరు, ఆ మాట గూగుల్ వాళ్లే రాసి పెట్టారు. అట్లా చెప్పేవాళ్లు ఎక్కువగా చేసేది లింకులు కొనడం. అది దొరికితే ఉన్న స్థానం కూడా పోవచ్చు.

నీ ఫోన్లో ముందు కనిపించేది సెర్చ్ రిజల్ట్ కాకపోవచ్చు. నువ్వు రోజూ తెరిచే పేజీ కాబట్టి నాలుగు అక్షరాలు కొట్టగానే బ్రౌజరే గుర్తుపెట్టుకుని చూపిస్తుంది. ఇన్‌కాగ్నిటో విండో, అంటే నువ్వు ఇదివరకు చూసినవి లెక్కలోకి తీసుకోని విండో, తెరిచి చూడు. అందులో కూడా నువ్వున్న ఊరిని బట్టి కొంత తేడా ఉంటుంది, కాబట్టి వేరే ఊళ్లో ఉన్న చుట్టాలను అడిగి స్క్రీన్‌షాట్ తెప్పించుకో. కొనేవాళ్లు చూసేది అదే.

ఇంకొకటి చెయ్యి. గూగుల్‌లో ఇంగ్లీషులో సైట్ అని రాసి, పక్కనే కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా నీ సైట్ అడ్రస్ కొట్టు. గూగుల్ దగ్గర నీ సైట్ పేజీలు ఉంటే అవే వస్తాయి, ఎన్ని వస్తాయో చెప్పు. మూడు పేజీలు చూసినా లేదంటే నాకు వేరే అనుమానం ఉంది.

కేసు నాది కాదని రాయొద్దు. నా అనుభవంలో అది ఎదురు తిరుగుతుంది. ఇప్పటిదాకా నీ పేరు, చిట్టీలు, మోసం అనే మూడు మాటలు కలిసి ఉన్న పేజీ వార్తది ఒక్కటే. నువ్వు రాస్తే అవే మాటలతో రెండో పేజీ నువ్వే తయారు చేసినట్టు. నీ పేరు పక్కన వరంగల్, కొత్తవాడ, దర్రీ, మగ్గం ఉండాలి. ఆ మాటలు అతని పేరు పక్కన ఎన్నడూ రావు.

కొత్తవాడ మగ్గం:

తమ్మీ, నువ్వు చెప్పినట్టే కొట్టాను. ఒక్క పేజీ కూడా రాలేదు.

నయీంనగర్ వెబ్ పని:

అనుకున్నదే. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ అని ఉంటుంది. అక్కడ సెర్చ్ ఇంజిన్లు ఈ సైట్‌ను తీసుకోవద్దు అనే అర్థంతో ఒక టిక్ బాక్స్ ఉంటుంది. సైట్ తయారయ్యేదాకా చాలామంది టిక్ పెట్టి, తర్వాత తీయడం మర్చిపోతారు. రెండేళ్లుగా నీ సైట్ గూగుల్‌ను వద్దు పొమ్మంటోంది. టిక్ తీసెయ్యి. తర్వాత సైట్ ఉన్నవాళ్ల కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ కన్సోల్‌లో సైట్ నీదేనని నిరూపించుకుని, ఒక్కో పేజీకి ఇండెక్సింగ్, అంటే గూగుల్ జాబితాలో చేర్చుకోమని, అడుగు. పైసా ఖర్చు లేదు. కొన్ని రోజులు పట్టొచ్చు, కొన్ని వారాలూ పట్టొచ్చు, అడగ్గానే రాలేదని టెన్షన్ పడకు.

నీ పేజీ టైటిల్ ఏముందో కూడా చూడు. చాలా సైట్లకు హోమ్ అని ఉంటుంది. అక్కడ నీ పూర్తి పేరు, దర్రీ నేత, కొత్తవాడ, వరంగల్ అని ఉండాలి. రిజల్ట్స్‌లో నీలం రంగులో పెద్దగా కనిపించే వరుసకు గూగుల్ ఎక్కువగా తీసుకునేది ఆ టైటిల్‌నే.

జమ్మికుంట టీచర్:

అన్నా, నాదీ ఇంచుమించు ఇదే బాధ, అందుకే రాస్తున్నా. నా పేరులో లక్ష్మి ఉంది. పదో తరగతి మెమోలో మన దగ్గర రాసినట్టు ఎక్స్‌తో ఉంది, ఆధార్‌లో కే ఎస్ హెచ్‌తో ఉంది, నేను రాసిన రెండు వ్యాసాల్లో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. వెతికేవాళ్లకు నేను నలుగురు మనుషుల్లా కనిపించాను. ఒక స్పెల్లింగ్ ఎంచుకుని, మార్చగలిగిన ప్రతిచోటా అదే పెట్టాను. అప్పుడే అన్నీ ఒకచోటికి వచ్చాయి.

మీ శ్రీనివాస్ ఎట్లా రాస్తున్నారు? ఎస్ ఆర్ ఐతోనా, ఎస్ ఆర్ డబుల్ ఈతోనా? చివర యూ ఉందా? బ్యాంకు పాస్‌బుక్‌లో ఏది ఉందో అదే అన్నిచోట్లా పెట్టండి, ఎందుకంటే డబ్బు వేసేవాళ్లు వెతికేది ఆ స్పెల్లింగ్‌నే. సైట్‌లో తెలుగులో కూడా పూర్తి పేరు రాయండి. తెలుగులో వెతికితే మన పోటీ చాలా తక్కువ. అడ్రస్ కూడా సరి చూసుకోండి. 2021లో జిల్లాల పేర్లు మార్చారు కదా, పాత పేజీల్లో ఇంకా వరంగల్ అర్బన్ అనే ఉంటుంది.

ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. పేరుతో ఇంత తిప్పలెందుకు? ఏదైనా బ్రాండ్ పేరు పెట్టుకుని అమ్మొచ్చు కదా?

కొత్తవాడ మగ్గం:

అక్కా, ఆలోచించాను. కానీ బిల్లు మీద, బ్యాంకు ఖాతాలో, నేత గుర్తింపు కార్డులో ఉండేది నా పేరే. బ్రాండ్ చూసి నచ్చినవాళ్లు కూడా డబ్బు వేసే ముందు వెతికేది ఖాతాలో ఉన్న మనిషినే. ఇంకో సంగతి కూడా ఉంది. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు సరుకుకే ఈ పేరు అనే గుర్తింపు, వచ్చింది. ఆ పేరుతో వెతికితే దుకాణాలు వస్తాయి, అమ్మే సైట్లు వస్తాయి, నేసిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. ఒక దర్రీ మీద నాలుగైదు రోజులు వంగి కూర్చుంటాం. ఎవరు నేశారని అడిగితే ఒక పేరు దొరకాలి కదా.

మీరు చెప్పాక చూసుకున్నాను. పాస్‌బుక్‌లో ఎస్ ఆర్ ఐ, ఫేస్‌బుక్‌లో డబుల్ ఈ, సైట్‌లో పైన అడ్రస్‌లో తప్ప నా పేరే లేదు, మేనల్లుడు పెట్టిన ఇంగ్లీషు దుకాణం పేరు ఉంది. టైటిల్ హోమ్ అనే ఉంది. ఫోటోల ఫైల్ పేర్లన్నీ వాట్సాప్ ఇమేజ్ అని తేదీతో ఉన్నాయి.

బాపు గురించి ఒక తెలుగు పేపర్లో 1998లో వచ్చిన ముక్క కత్తిరించి దాచాం. దాన్ని ఫోటో తీసి సైట్‌లో పెట్టాను. అది పనికొస్తుందా?

పాత డీటీపీ, కరీంనగర్:

అది చూసేవాళ్లకు ఆనందమే కానీ, వెతికేవాళ్లకు దొరకాలంటే ఫోటో ఒక్కటే సరిపోదు. ఫోటో కింద ఆ వార్తలో ఏముందో మీ మాటల్లో యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనైనా కంప్యూటరైనా తెలుగు అక్షరాలుగానే గుర్తుపట్టే పద్ధతిలో, టైప్ చేయండి. ఏ పేపర్, ఏ తేదీ అనేది కూడా రాయండి.

ముప్పై ఏళ్లు డీటీపీ చేశాను కాబట్టి ఒక హెచ్చరిక. ఎవరైనా డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించుకుంటే అను ఫాంట్‌లో కొడతారేమో అడగండి. తెర మీద తెలుగులాగే కనిపిస్తుంది, లోపల మాత్రం అవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. నెట్‌లో పెడితే గజిబిజిగా వస్తుంది, గూగుల్‌కు అందులో మీ పేరు కనిపించదు. మన ప్రాంతపు సంఘాల సావనీర్లు, పత్రికలు ఎన్నో ఇట్లాగే పోయాయి. పీడీఎఫ్‌లు ఉన్నాయి, పేరు కొడితే ఒక్క మనిషీ దొరకడు. నేను టైప్ చేసినవే అందులో వందల పేజీలు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఫోన్లో తెలుగు కీబోర్డుతో మీరే కొట్టండి, అది యూనికోడే.

నయీంనగర్ వెబ్ పని:

డీటీపీ సార్ మాట బంగారం. ఒకటి కలుపుతా. 1998లో ఇద్దరు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ మొదలుపెట్టినప్పుడు వాళ్ల పద్ధతికి మూలం ఒక్కటే: ఒక పేజీకి ఇంకో పేజీ ఇచ్చే లింకును సాక్ష్యంగా లెక్కపెట్టడం. ఇప్పుడు ఇంకా చాలా చూస్తారు కానీ లింకు విలువ పోలేదు. అన్నా, నిన్ను తెలిసినవాళ్లు ఎవరున్నారు? నీ దగ్గర కొన్నవాళ్లకు సైట్ ఉంటే, ఈ దర్రీ ఫలానా ఆయన నేశారని పేరు రాసి లింకు ఇమ్మని అడుగు. మగ్గం చూడ్డానికి డిజైన్ కాలేజీ పిల్లలు వస్తారు కదా, వాళ్లను కూడా. అడగడానికి సిగ్గుపడకు. వికీపీడియాలో మాత్రం నీ గురించి నువ్వు రాసుకోకు, తీసేస్తారు. గూగుల్ మ్యాప్స్‌లో నీ మగ్గం చోటు పెట్టు. ఆ చోటు నిజంగా ఉందని నమ్మడానికి ఇప్పుడు చాలామందిని వీడియో తీసి చూపించమంటున్నారు, గల్లీ నుంచి మొదలుపెట్టి మగ్గం దాకా నడుస్తూ తియ్యి.

కొత్తవాడ మగ్గం:

ఏడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను.

టిక్ తీసిన పదకొండో రోజు సైట్ గూగుల్‌లోకి వచ్చింది. టైటిల్ మార్చాను, పేరు అన్నిచోట్లా ఎస్ ఆర్ ఐ చేశాను. ఫోటోల పేర్లు ఒక్కొక్కటీ మార్చడానికి నా భార్య, నేను రెండు రాత్రులు కూర్చున్నాం. ఒక్కో దర్రీ కింద ఏ రంగు నూలు, ఎన్ని రోజులు పట్టింది, ఎవరు నేశారు అని రాశాం. సగం దర్రీల కింద ఆమె పేరు ఉంది, అవి ఆమె నేసినవే. పదకొండు మందిని లింకు అడిగితే నలుగురు ఇచ్చారు. అందులో ఒకరు ఆర్డర్ ఆపేసిన ఆ బెంగళూరు మేడం. వాళ్ల ఆఫీసు బ్లాగులో శాంపిల్ దర్రీ ఫోటో పెట్టి నా పేరు, కొత్తవాడ అని రాశారు.

మహారాష్ట్రలోని భివండిలో పవర్‌లూమ్‌లో పనిచేసే మా బావ నిన్న స్క్రీన్‌షాట్ పంపాడు. ఒట్టి పేరు కొడితే నా సైట్ మూడోది, ఆ చిట్టీల వార్త ఐదోది. పేరు పక్కన వరంగల్ అని చేరిస్తే మొదటి నాలుగూ నావే, ఆ వార్త మొదటి పేజీలో లేదు. తెలుగులో కొడితే మొదటిది నాదే.

బాపు వార్త కూడా టైప్ చేశాను. చిన్న ముక్కే కానీ కళ్లు తుడుచుకుంటూ కొట్టడానికి సాయంత్రమంతా పట్టింది. ఆయన పేరు ఈ కాలంలో ఎవరూ పెట్టుకోరు. ఆయన పోయి ఆరేళ్లు, అప్పట్లో వెతికితే ఏమీ వచ్చేది కాదు. ఇవాళ పొద్దున కొట్టి చూశాను. ఒక్కటే వచ్చింది, మా పేజీ. పక్కన చిన్నగా ఆయన మగ్గం దగ్గర కూర్చున్న ఫోటో. అమ్మకు ఫోన్ చూపిస్తే చాలాసేపు చేతిలోనే పట్టుకుంది.

పెద్దమ్మ దగ్గర మా వరంగల్ పాత బట్టల మిల్లు, ఆజంజాహి మిల్లు రోజుల ఫోటోలు ఇంకో ఐదారు ఉన్నాయట. ఆదివారం పోయి తెస్తాను. డీటీపీ సార్, వాటి వెనక పెన్సిల్‌తో పేర్లు రాసి ఉన్నాయి, కొన్ని చెరిగిపోయాయి. ఫోటో తీసి ఇక్కడ పెడితే చదివి పెడతారా?