మే నెలలో కాలవలు ఎండితే పొలం ఎలుకలు దాహంతో చస్తాయా?

పెన్నా ఆయకట్టు:
కాలవకు నీళ్లు ఆపేసి, ఎడగారు (రెండో పంట) వెయ్యకుండా మళ్లు ఎండబెడితే ఎలుకలు వాటంతటవే పోతాయి, మందు ఖర్చు దండగ అని మా వైపు గట్టిగా చెప్తారు. పొదిలి, కనిగిరి మెట్టోళ్లేమో చుక్క నీళ్లు లేని చేలల్లోనూ ఎలుకలు నిక్షేపంగా ఉంటాయంటారు. ఏది నిజం? కారణంతో చెప్పండి.

పొదిలి మెట్ట:
చావవు. తాగే నీళ్లొక్కటే ఎలుకకు ఆధారం కాదు. తిన్న గింజ ఒంట్లో ఖర్చయ్యేటప్పుడు నీరు పుడుతుంది. గ్రాము పిండిపదార్థానికి సుమారు 0.56 గ్రాములు, గ్రాము కొవ్వుకు 1.07 గ్రాములు. పుట్టిన నీటిని పారబోసుకోకుండా చూసేది మూత్రపిండం. మనిషి మూత్రం ఎంత చిక్కబడినా 1,200 నుంచి 1,400 మిల్లీ ఆస్మోల్స్ (నీటిలో కరిగిన పదార్థాల చిక్కదనం కొలత) దగ్గర ఆగిపోతుంది. ప్రయోగశాల ఎలుకది 3,000 దాకా వెళ్తుంది. అమెరికా ఎడారిలోని కంగారూ ఎలుకది 5,500. ఆస్ట్రేలియా ఎడారిలో గెంతే నోటోమిస్‌ది 9,000 పైనే. సముద్రపు నీరే 1,000 చుట్టూ ఉంటుందని గుర్తుపెట్టుకుంటే ఇదెంత గొప్ప పనితనమో తెలుస్తుంది. పైగా ఎలుకకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. మా చేలల్లో పొట్ట తెల్లగా, తోక చివర నల్ల కుచ్చుతో గెంతుతూ పోయే జెర్బిల్ పొడి నేలలకు అలవాటుపడ్డ జాతి. నీళ్లు ఆపేస్తే అది చస్తుందనుకోవడం పొరపాటు.

జంతుశాస్త్రం టీచర్:
లెక్కలు సరిగ్గానే ఇచ్చారన్నా, కానీ జాతుల్ని కలిపేశారు. పెన్నా ఆయకట్టు వారు అడిగింది మాగాణి గురించి. అక్కడ ఎక్కువ నష్టం చేసేది పందికొక్కు జాతి, బాండికోటా బెంగాలెన్సిస్. (ఆ 'బాండికోటా' మన తెలుగు 'పందికొక్కు' నుంచి వెళ్లిన మాటే.) అది తడి గట్లలో కలుగు తవ్వుకుని, ఈత కొట్టి, పచ్చి దుబ్బు కొరికి బతికేది. దాన్ని జెర్బిల్‌తో సమానం చెయ్యకూడదు. నీళ్లు తగ్గితే ఏ ఎలుకైనా నాలుగు రోజుల్లో కొంత సర్దుకుంటుంది, వాసోప్రెసిన్ హార్మోను పెరిగి మూత్రం చిక్కబడుతుంది. అయితే ఎంతవరకు చిక్కబడాలన్నది మూత్రపిండం కట్టుబడిలోనే ఉంది. ఆ హద్దు ఒక్క ఎండాకాలంలో మారేది కాదు.

ఇంకో మాట. ఏ గింజ తింటుందన్నది మీరు వదిలేశారు. జొన్న, వరి తింటే నీటి లెక్క లాభం. కంది, శనగ తింటే మాంసకృత్తులు ఎక్కువై యూరియా తయారవుతుంది, దాన్ని బయటికి తొయ్యడానికే నీళ్లు కావాలి. జంతువుల ఒంటి పనితీరు మీద పరిశోధన చేసిన ష్మిట్ నీల్సన్ కంగారూ ఎలుకలకు సోయా గింజలు మాత్రమే పెడితే, అంతటి ఎడారి జంతువూ నీళ్లు లేక నిలవలేకపోయింది. అప్పుడు సముద్రపు నీళ్లు ఇస్తే తాగి బతికింది. అందుకే ఎండు కంది చేనులో ఎలుకకు పురుగో, గడ్డి దుంపో, పచ్చి ఆకో తోడు ఉండాలి. గింజలొక్కటీ చాలవు.

పొదిలి మెట్ట:
కంది విషయం ఒప్పుకుంటున్నా మాస్టారూ. జెర్బిల్ ఎండాకాలంలో పురుగుల్ని బాగా తింటుంది, ఆ లోటు అక్కడ తీరుతుంది. నా మాట మాత్రం మారదు. ఎండబెట్టడం మందుకు బదులు కాదు.

గెనిమ మీద:
మీ ఇద్దరూ మూత్రపిండం దగ్గరే ఆగిపోయారు. అసలు కాపాడేది కలుగు. పందికొక్కు కలుగు నోరు దగ్గరగా చూడండి. పక్కనే కొత్త మట్టి కుప్ప, నోట్లో లోపలినుంచి తోసిన మట్టి బిరడా. ఆ బిరడా వల్ల పొద్దంతా లోపలి గాలి చల్లగా, తేమగా నిలుస్తుంది. ఊపిరితో పోయే నీరు తగ్గుతుంది. లోపల దాచిన వెన్నుల గింజ కూడా ఆ తేమ పీలుస్తుంది. బయట 43 డిగ్రీలున్నా ఎలుక ఉండేది వేరే వాతావరణంలో. పగలంతా ఎండలో తిరగాల్సి వస్తే కంగారూ ఎలుకైనా బతకదు.

ఇక పెన్నా ఆయకట్టు వారి ప్రశ్న. మళ్లు ఎండితే పందికొక్కులు చావవు, జరుగుతాయి. కాలవ కట్టలు, చెరువు అలుగు పక్క తుమ్మలు, నీళ్లున్న బోరు చుట్టూ చెరుకు, అరటి, ఇంటి పక్క వామి. ఎకరాల్లో చెల్లాచెదురుగా ఉన్నవి ఈ కాసిన్ని చోట్ల గుంపవుతాయి. అందుకని మే, జూన్ నెలలు ఎలుకల్ని పట్టే అదను.

పెన్నా ఆయకట్టు:
ఇది పనికొచ్చే మాట. మరి ఎట్ల చెయ్యాలి? యానాదులతో పొగ పెట్టిస్తే చాలదా?

గెనిమ మీద:
కాలవ కట్ట మీద, మట్టి గట్టిగా ఉన్నచోట చాలు. కలుగు చూసి లోపల ఎలుక ఉందో లేదో చెప్పే చూపు వాళ్లది, ఆ పనికి సరైన కూలి ఇచ్చి పిలవాలి. నల్లరేగడి మే నెలలో నెర్రెలిస్తుంది, పొగ నెర్రెల్లోంచి పోయి కలుగులో నిలవదు. అక్కడ ఎర పెట్టాలి.

సాయంత్రం కనిపించిన కన్నాలన్నీ మట్టితో మూసెయ్యండి. తెల్లారి తెరిచి ఉన్నవే బతికున్న కలుగులు, వాటికే ఎర. కిలో ఎరకు 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల బ్రోమడయోలోన్ (ఎలుకల మందు) 0.25 శాతం పొడి. కర్రతో కలపాలి, చేతికి తొడుగు ఉండాలి. 15 గ్రాముల పొట్లం కట్టి కలుగు లోపలికి తొయ్యాలి, బయట పెడితే పక్షులు తింటాయి. ఈ మందు విటమిన్ కె పనిని ఆపుతుంది. ఒంట్లో ఉన్న, రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు అయిపోయాకే ఎలుక చస్తుంది, అందుకని రోజుల తరబడి పడుతుంది. రెండో రోజే "పని చెయ్యలేదు" అనుకోవద్దు.

జంతుశాస్త్రం టీచర్:
ఇంకో ఎలుకల మందు జింకు ఫాస్ఫైడ్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. ఎండాకాలం కదా, తడి ఎర అయితే ఆశగా తింటాయని నీళ్లు కలపకండి. తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు విడుదలవుతుంది. కలిపేవాళ్లకు ప్రమాదం, ఎరకు బలం పోతుంది. ముందు రెండు రోజులు మందు లేని నూకలు, నూనె పెట్టి అలవాటు చెయ్యాలి. ఎలుకకు వాంతి చేసుకునే శక్తి లేదు, అందుకే కొత్త తిండి కొరికి చూసి ఆగుతుంది. చాలని మోతాదు తిని బతికిందంటే ఆ రుచి మర్చిపోదు. అదే సీజన్లో మళ్లీ జింకు ఫాస్ఫైడ్ పెడితే ముట్టదు.

పొదిలి మెట్ట:
మే నెల మాగాణికి అదను కావచ్చు, మెట్టకు కాదు. జెర్బిల్‌కు నీళ్ల దగ్గరికి వెళ్లే అవసరం తక్కువ, కాబట్టి అది ఒక్కచోట గుంపవదు. మా వైపు తొలకరి పడి పచ్చ మొలిచి, ఎలుకలు పిల్లలు పెట్టడం మొదలయ్యేలోపు చేను చేనూ తిరిగి కలుగులు లెక్కపెట్టాల్సిందే.

గెనిమ మీద:
మెట్టకు మీ మాటే సరైంది అన్నా. మాగాణి వాళ్లు ఎర పెట్టినాక గెనాలు (పొలం గట్లు) కూడా చెక్కుకోండి. 30 సెంటీమీటర్ల వెడల్పు మించకపోతే పందికొక్కుకు కలుగు తవ్వే చోటు దొరకదు. ఊరంతా ఒకే వారంలో చెయ్యాలి. ఒక్కరే చేస్తే పక్క గట్టు నుంచి వచ్చి ఆ కలుగుల్లోనే దిగుతాయి.