సీప్యాప్ మాస్కు అర్ధరాత్రి తీసేస్తున్నారు, నోరు ఎండిపోతోంది: తప్పు మాస్కుదా, ప్రెషర్‌దా?

వంశధార (గుణుపురం)

మా నాన్నగారికి 62 ఏళ్ళు, 94 కిలోలు. స్లీప్ స్టడీలో ఏహెచ్ఐ (నిద్రలో గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో, తగ్గుతోందో చెప్పే లెక్క) 46 వచ్చింది. విశాఖలో డాక్టరుగారు ఆటో సీప్యాప్ (నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కుతో గాలి పంపే మిషన్, ప్రెషర్ తనే మార్చుకుంటుంది) రాశారు. మిషన్ రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10, మాస్కు ముక్కు వరకే ఉండేది. ప్రెషర్ 4 నుంచి 20, ర్యాంప్ (మొదట్లో ప్రెషర్ మెల్లగా పెరిగే సమయం) 45 నిమిషాలు, ఈపీఆర్ ఆఫ్, తేమ 4.

పెట్టుకోగానే గాలి చాలట్లేదంటారు. ఎలాగో నిద్రపడితే రాత్రి రెండు, రెండున్నరకల్లా మాస్కు పక్కన పడి ఉంటుంది. తీసిన సంగతి ఆయనకే తెలీదు. తెల్లారేసరికి నోరు పిడచకట్టుకుపోతోంది, ముక్కు దూలం మీద ఎర్రగా గాటు పడింది, పొద్దున్నంతా త్రేన్పులు, కడుపుబ్బరం. మిషన్లోని ఎస్‌డీ కార్డు రిపోర్టులో వాడకం సగటున 2 గంటల 50 నిమిషాలు. 95 శాతం దగ్గర (అంటే 95 శాతం సమయం దాటని అంకె) లీకు నిమిషానికి 43 లీటర్లు, ప్రెషర్ 15.8. మిషన్ పెట్టుకున్నా మిగిలిన ఏహెచ్ఐ 11.

అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే పట్టీలు బిగించమంటున్నారు. బిగిస్తే గాటు పెరిగింది, లీకు తగ్గలేదు. నోరు కూడా కప్పే పెద్ద మాస్కు కొనాలా? ప్రెషర్ తగ్గించమని డాక్టర్ని అడగాలా? మాకు కరెంటు తరచూ పోతుంది, దోమతెర లేకుండా పడుకోలేం. వాటి సంగతి కూడా చెప్పండి.

గాలిమర (పర్లాకిమిడి)

ఆ అంకెల్లో ముందు చూడాల్సింది 43. మాస్కు ముందు చిన్న చిల్లుల్లోంచి పోయే గాలి ఈ లెక్కలోకి రాదు, దాన్ని మిషనే తీసేసి చూపిస్తుంది. ఆ చిల్లులు వదిలిన ఊపిరి బయటికి పోడానికి, వాటిని ఎప్పుడూ మూయకూడదు. అవి కాక పోతున్న గాలే 43. రెస్‌మెడ్ లెక్కలో ఇది నిమిషానికి 24 లీటర్ల లోపు ఉండాలి. అంతకు మించితే మిషన్ ఊపిరిని సరిగా కొలవలేదు. ప్రెషర్ పెరిగితే మాస్కు లేస్తుంది, మాస్కు లేస్తే కొలత తప్పుతుంది. అందుకని మీ 15.8నీ 11నీ ఇప్పుడే నమ్మకండి. లీకు ఆపకుండా పై (గరిష్ఠ) ప్రెషర్ జోలికి పోతే చీకట్లో రాయి వేసినట్టే.

గాలి ఎక్కణ్ణుంచి పోతోందో కనుక్కోవడం తేలిక. ఆయన నిద్రపోయిన గంటకి పక్కన కూచుని, చేతి వెనకవైపు చర్మాన్ని పెదాలకి అంగుళం దూరంలో పెట్టండి. ముక్కులోకి వెళ్ళిన గాలి నోట్లోంచి బయటికొస్తుంటే పెదాల మధ్య పుస్సు పుస్సుమని తగులుతుంది. తర్వాత చేతిని మాస్కు అంచు వెంట కళ్ళ దగ్గర్నుంచి పై పెదవి దాకా తిప్పండి. పొద్దున్న కళ్ళు మండితే పై అంచు లీకు, నోరు ఎండితే నోటి లీకు. మీరు రాసిన దాన్నిబట్టి రెండోదే ఎక్కువనిపిస్తోంది. అది పట్టీలు బిగిస్తే పోయేది కాదు.

మాస్కు అమర్చడం కూచుని కాదు, పడుకున్నాకే. పడుకుంటే బుగ్గలు జారి ముఖం ఆకారం మారుతుంది. ముందు పట్టీలన్నీ వదులు చెయ్యండి. మిషన్ ‘మై ఆప్షన్స్’లో ‘రన్ మాస్క్ ఫిట్’ నొక్కితే కాసేపు గట్టిగా గాలి వదులుతుంది. ఆ గాలి వస్తుండగా మాస్కుని ముఖం మీంచి ఒక అర అంగుళం ముందుకి లాగి, మళ్ళీ మెల్లగా ఆనించండి. సిలికాన్ మెత్తలో లోపలి పొర గాలితో ఉబ్బి చర్మానికి అంటుకుంటుంది. ముఖాన్ని మూసేది ఆ ఉబ్బు, పట్టీ కాదు. అప్పుడు పై పట్టీలు రెండూ సమంగా, తర్వాత కింది పట్టీలు, లీకు ఆగే వరకే బిగించండి. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. ఎక్కువ బిగిస్తే మెత్త నలిగి ఆ పొర ఉబ్బదు. మీకు గాటు, లీకు రెండూ కలిసొచ్చింది ఇందుకే.

అదే మెనూలో ‘మాస్క్’ అని ఉన్నచోట ‘నేసల్’ (ముక్కు మాస్కు) ఉందో లేదో చూడండి. ‘ఫుల్ ఫేస్’ అనో ‘పిల్లోస్’ అనో ఉంటే లీకు లెక్క తేడా వస్తుంది.

ఇక గాలి చాలట్లేదనడం. 4 ప్రెషర్ అంటే మిషన్ ఇవ్వగలిగిన కనీసం, అంత మనిషికి అది ఆనదు. పైగా ర్యాంప్ 45 నిమిషాలు, అంటే మెలకువగా ఉన్నంతసేపూ ఆ ఉక్కిరిబిక్కిరే. ఈపీఆర్ అంటే ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్‌ని 1, 2 లేదా 3 తగ్గించేది, కానీ 4 కంటే కిందికి పోదు. మొదలే 4 అయితే తగ్గించడానికి అక్కడ ఏమీ ఉండదు. కనీసాన్ని 7కి పెంచి, ర్యాంప్ 5 లేదా 6 నుంచి ‘ఆటో’లో పెట్టి, ఈపీఆర్ 3 పెట్టొచ్చా అని డాక్టర్ని అడగండి. ప్రెషర్ తగ్గించమని కాదు, *కింది* ప్రెషర్ పెంచమని. గుండె జబ్బుగానీ, రిపోర్టులో ‘సెంట్రల్’ లేదా ‘క్లియర్ ఎయిర్‌వే’ ఆప్నియాలు (గొంతు మూసుకోకుండానే ఊపిరి ఆగడం) ఎక్కువగా గానీ ఉంటే ఆ మాట ముందే చెప్పాలి. అప్పుడు ఈ లెక్కలు మారిపోతాయి.

ఆయనకి రాత్రి తీసే పళ్ళసెట్టు ఉందా? మీసం ఉందా?

కాశీపూర్ బాబు (రాయగడ)

నోరు తెరుచుకుంటోందంటే ఇంత లెక్క ఎందుకండీ? పెదాలకి అడ్డంగా టేపు వేస్తే సరి. ఇంటర్నెట్లో అందరూ చేస్తున్నారు.

నర్సమ్మ (బరంపురం)

ఆ పని మాత్రం చెయ్యకండి. ముక్కు దిబ్బడేసినా, కరెంటు పోయి మిషన్ ఆగినా ఆయనకి మిగిలే దారి నోరే. వాంతి వస్తే మరీ ప్రమాదం. త్రేన్పులు, కడుపుబ్బరం ఉన్న మనిషికి టేపు అసలే వద్దు.

నోరు ఎందుకు తెరుచుకుంటోందో చూడాలి. చాలామందిలో ముక్కు మూసుకుపోయే. ఒక్కో ముక్కురంధ్రం మూసి రెండోదాంతో పది సార్లు ఊపిరి తీయించండి, తేడా తెలుస్తుంది. పడుకునే ముందు సెలైన్ స్ప్రే గానీ, ఉప్పునీటితో ముక్కు కడగడం గానీ చెయ్యొచ్చు. ఆ నీళ్ళు మరగబెట్టి చల్లార్చినవే కావాలి, కుళాయి నీళ్ళు ముక్కులోకి పోనివ్వొద్దు. మందుషాపులో దొరికే, వెంటనే ముక్కు తెరిచే చుక్కల మందు (ఆక్సీమెటజోలిన్ లాంటివి) మూడు రోజులకి మించి వాడితే దిబ్బడ తిరగబెట్టి ఇంకా ముదురుతుంది. దిబ్బడ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు స్టిరాయిడ్ స్ప్రే రాస్తారు, అది రోజూ వాడితేనే పనిచేస్తుంది.

తేమ 4 నుంచి 5కి, రెండు రాత్రులు చూసి 6కి పెంచండి. ఈ మిషన్లో 8 దాకా ఉంది. గొట్టంలో నీళ్ళు గలగలమంటే అది ఎక్కువైనట్టు. కోరాపుట్, సెమిలిగుడ వైపు చలికాలంలో ఇది మామూలే. గది చల్లబడి, తడిగాలి గొట్టంలో నీరవుతుంది. గొట్టానికి పాత బట్టతో తొడుగు కుట్టి వెయ్యండి, మిషన్‌ని మంచం కంటే కింద స్టూలు మీద పెట్టండి. అప్పుడు నీళ్ళు ముఖం వైపు రావు.

నోరు కప్పే మాస్కు తొందరపడి కొనకండి. దాని అంచు పొడవు ఎక్కువ కాబట్టి లీకయ్యే చోట్లూ ఎక్కువే, ప్రెషర్ కూడా ఒక్కోసారి ఎక్కువ అవసరమవుతుంది. ముందు ముక్కు తెరవండి, తర్వాత గడ్డం పట్టీ చూడండి. అప్పటికీ కాకపోతే అదే దారి. త్రేన్పుల సంగతి: మింగిన గాలి అది. తలవైపు మంచం కాళ్ళ కింద నాలుగైదు అంగుళాల ఎత్తు ఇటుకలు పెట్టి, పక్కకి తిరిగి పడుకోమనండి. ఈపీఆర్ పెట్టాక చాలావరకు తగ్గుతుంది.

వంశధార (గుణుపురం)

పళ్ళసెట్టు ఉందండీ, పైది మొత్తం. రాత్రి తీసి గ్లాసులో వేస్తారు. మీసం కూడా గుబురే. మాస్కు కొన్నరోజు షాపులో కూచోబెట్టి, పళ్ళసెట్టుతోనే కొలత తీశారు. రాత్రి తలకి కొబ్బరినూనె రాసుకునే అలవాటు ఉంది, అదీ చెప్పాలేమో.

గాలిమర (పర్లాకిమిడి)

ఇంకేం, దొరికింది. పై పళ్ళు తీసేస్తే పై పెదవి లోపలికి పోతుంది, మాస్కు కింది అంచుకి ఆనడానికి ఏమీ ఉండదు. షాపులో సరిపోయిన సైజు మంచం మీద సరిపోదు. పళ్ళసెట్టు తీసి, పడుకోబెట్టి మళ్ళీ కొలవాలి. మాస్కు కంపెనీ సైటులో కాగితం మీద ప్రింటు తీసుకునే కొలత చిత్రం ఉంటుంది. నూరు శాతం సైజులో ప్రింటు తీయాలి, ‘ఫిట్ టు పేజ్’ పెడితే కొలత తప్పుతుంది. ముక్కు రంధ్రాల కింద మాత్రమే ఆనే రకం మెత్త ఉంది, దూలం మీద గాటు ఉన్నవాళ్ళకి అది సుఖం. కానీ అది ఆనేది సరిగ్గా మీసం పైన. ఆయన పై పెదవి అంచు వెంట వేలెడు మేర మీసం కత్తిరించుకోడానికి ఒప్పుకుంటే చూడండి. ఒప్పుకోకపోతే బలవంతపెట్టకండి, మీసం మీద కోపంతో మిషన్ అటకెక్కుతుంది.

గడ్డం పట్టీ కూడా పళ్ళసెట్టు తీసిన మనిషికి దవడని వెనక్కి లాగొచ్చు. పైకి ఎత్తాలి, వెనక్కి నొక్కకూడదు. గొంతు ఇరుకవుతున్నట్టుంటే తీసెయ్యండి. సెట్టు రాత్రి పెట్టుకునే పడుకోవచ్చా అన్నది పళ్ళ డాక్టర్ని అడిగాకే.

కొబ్బరినూనె తలకి పొద్దున్న రాసుకోమనండి. నూనె సిలికాన్‌ని జారుస్తుంది, పట్టీల సాగుడు పోగొడుతుంది. పడుకునే ముందు ముఖం సబ్బుతో కడిగి తుడవాలి. మెత్తని రోజూ పొద్దున్న గోరువెచ్చని నీళ్ళు, ఘాటులేని సబ్బుతో కడిగి నీడన ఆరబెట్టండి. డెట్టాల్, స్పిరిట్, ఎండ మూడూ వద్దు.

నాగావళి మెకానిక్కు (రాయగడ)

కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి. ఈ మిషన్ అడాప్టర్ 90 వాట్లు, లోపలికి వెళ్ళేది 24 వోల్టుల డీసీ. 90 అనేది గరిష్ఠం. అందులో ఎక్కువ భాగం నీళ్ళు కాచే ప్లేటు, వేడి గొట్టం తినేవే, గాలి మోటారుకి కొద్దిగానే చాలు. ఇంటి ఇన్వర్టర్‌కి పెట్టే 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ కాగితం మీద 1800 వాట్-అవర్లు. సగానికి పైగా దించకూడదు, ఇన్వర్టర్ నష్టం పోతే చేతికొచ్చేది 750, 800. పాత సీలింగ్ ఫ్యాను ఒక్కటే 75 వాట్ల చొప్పున 8 గంటలకి 600 తినేస్తుంది. కాబట్టి కరెంటు పోయిన రాత్రి తేమ ‘ఆఫ్’, వేడి గొట్టం ఉంటే అదీ ‘ఆఫ్’. ఫ్యాను బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే రకం) అయితే ఇంకా నయం. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దే కావాలి. స్క్వేర్ వేవ్‌దాని మీద అడాప్టర్ కుంయిమంటూ వేడెక్కుతుంది. ‘స్మార్ట్‌స్టార్ట్’ ఆన్‌లో ఉంచితే, మిషన్ ఆగి మళ్ళీ కరెంటు వచ్చాక మాస్కులో ఊపిరి పీలిస్తే మొదలవుతుంది, చీకట్లో బటన్ వెతకక్కర్లేదు.

దోమతెర: మిషన్ తెర బయట, గొట్టం ఒక్కటే లోపలికి. తెర చివర్లు కలిసేచోట, తలవైపు, గొట్టం దూర్చి చుట్టూ బట్టలపిన్నుతో పట్టించండి. గొట్టాన్ని మంచం తలపక్క కర్రకి ఒక గుడ్డముక్కతో వదులుగా కట్టి పైనుంచి దించితే, పక్కకి తిరిగినప్పుడు మాస్కుని లాగదు. అర్ధరాత్రి లీకుల్లో గొట్టం లాగుడు కూడా ఒకటి. తెర బట్ట మిషన్ వెనక గాలి పీల్చే చోటికి అంటుకోకుండా చూసుకోండి. ఆ గదిలో దోమల చక్రం, ధూపం వెలిగించొద్దు. ఆ పొగంతా పీల్చి ముక్కులోకి పంపేది ఈ మిషనే. ఫిల్టరు నెలకోసారి తీసి చూడండి, కంపెనీ చెప్పే గడువు ఆర్నెల్లు, మన దుమ్ముకి అంతకంటే ముందే నల్లబడుతుంది. నల్లబడితే మార్చడమే, కడిగి వాడేది కాదు.

నీళ్ళు: మందుషాపులో డిస్టిల్డ్ వాటర్ అడగండి. బ్యాటరీ షాపు నీళ్ళు వద్దు, ఆ డబ్బాల్లో ఇంతకుముందు ఏం పోశారో చెప్పలేం. దొరకని రోజున మరగబెట్టి చల్లార్చిన ఆర్వో నీళ్ళు. ట్యాంకు అడుగున తెల్లటి పొర కడితే ఒక వంతు వెనిగర్, తొమ్మిది వంతుల నీళ్ళు పోసి నానబెట్టి కడగండి. మిగిలిన నీళ్ళు రోజూ పారబొయ్యాలి. నీళ్ళు నిండిన ట్యాంకుతో మిషన్ ఎత్తి పక్కన పెడితే నీళ్ళు మోటారులోకి పోతాయి, రిపేరుకి వచ్చేవాటిలో ఇదే పెద్ద రోగం. పగలు గొట్టం రెండు మూతులూ కిందికి వేలాడేలా కొక్కేనికి తగిలించి, గుడ్డ కట్టండి. బొద్దింకలకి వెచ్చని, తడి గొట్టం అంటే మహా ఇష్టం.

కాశీపూర్ బాబు (రాయగడ)

సరే, టేపు మాట వెనక్కి తీసుకుంటున్నా. మా బాబాయికి ఎవరో పాత ఫిలిప్స్ డ్రీమ్‌స్టేషన్ సగం ధరకి ఇస్తామంటున్నారు. కొనొచ్చా?

గాలిమర (పర్లాకిమిడి)

మొదటి తరం డ్రీమ్‌స్టేషన్ అయితే వద్దు. లోపల శబ్దం తగ్గించే నురుగు పొడై గాలిలో కలిసే ప్రమాదం ఉందని 2021 జూన్‌లో కంపెనీయే వెనక్కి పిలిచిన రకం అది. ఓజోన్‌తో శుభ్రం చేసి ఉంటే మరీ పాడవుతుంది. ఏ కంపెనీదైనా సెకండ్ హ్యాండ్‌లో సీరియల్ నంబరు, మొత్తం నడిచిన గంటలు చూడకుండా కొనకండి. మాస్కు, గొట్టం, ఫిల్టరు మాత్రం కొత్తవే.

వంశధార గారూ, సైజు మారే దాకా పగలు అలవాటు చేయించండి. టీవీ ముందు మిషన్ ఆన్‌లో పెట్టి, మాస్కు చేత్తో పట్టుకుని పది నిమిషాలు. మర్నాడు పట్టీలతో అరగంట. తర్వాత పగటి కునుకు. రాత్రి మాస్కు తీసేసింది మీరు చూస్తే, తిట్టకుండా మళ్ళీ పెట్టెయ్యండి.  ఒకవేళ ఆయనకి పేస్‌మేకర్ ఉంటే అయస్కాంతం క్లిప్పులున్న మాస్కు కొనకండి.

వంశధార (గుణుపురం)

కొలత మళ్ళీ తీయించడానికి, సెట్టింగులకి రాత్రి రైల్లో విశాఖ వెళ్ళాలి. రైల్లో మిషన్ పెట్టుకోవచ్చా?

నాగావళి మెకానిక్కు (రాయగడ)

అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, రైల్లో ప్లగ్గు 110 అయినా ఇబ్బంది లేదు. కానీ రాత్రిపూట ప్లగ్గులకి కరెంటు ఆపెయ్యొచ్చు, ఎక్కగానే కోచ్ అటెండరుతో మాట్లాడండి. ట్యాంకు ఖాళీ చేసి, తుడిచి పెట్టండి. కింది బెర్త్ తీసుకోండి, పైబెర్త్‌కి వైరు అందదు. పళ్ళసెట్టు పెట్టె, పాత మాస్కు, ఎస్‌డీ కార్డు వెంట ఉండాలి. కార్డుని కంప్యూటర్లో పెట్టే ముందు పక్కనున్న చిన్న లాక్ కిందికి జరపండి, లేకపోతే కంప్యూటర్ దానిలో ఏదో రాసి మిషన్ గుర్తుపట్టకుండా చేస్తుంది. మళ్ళీ మిషన్లో పెట్టేటప్పుడు లాక్ తీయడం మరిచిపోకండి.