లాండ్రీలో బట్టలు కలిసిపోతున్నాయి, గుర్తు ఎలా పెట్టాలి?

నల్లగొండలో రామగిరి దగ్గర చిన్న లాండ్రీ నడుపుతున్నాను. 8 కిలోల మిషన్లు రెండున్నాయి. హాస్టల్ పిల్లలు షాపుదాకా రావడం కష్టమని రెండు నెలలుగా నేనే బండిమీద వెళ్లి సాయంత్రం 6కి బట్టలు తీసుకుని, మర్నాడు రాత్రికి ఇచ్చేస్తున్నాను. గిరాకీ బాగానే ఉంది. టెన్షనంతా బట్టలు తారుమారు కావడంతోనే. వారానికి నాలుగైదు గొడవలు, ఎక్కువగా తెల్ల బనియన్లు, సాక్సుల దగ్గరే.

పిన్ను కొట్టిన కాగితం చీటీ మొదటి ఉతుకులోనే ఊడిపోయింది. పిన్నీసులు తుప్పు మరకలు పెట్టాయి. మార్కర్ పెన్ను రెండు ఉతుకులకే వెలిసింది. ఒక్కొక్కరివి వల సంచిలో వేసి ఉతికితే నిండుగా కుక్కిన సంచుల్లో మురికి వదలట్లేదు, అసలే బోరు నీళ్లకు నురగ తక్కువ. ఒక్కొక్కరివి విడిగా వేద్దామంటే ఒక లోడుకు 50 నిమిషాలు, కరెంటు బిల్లు గిట్టదు. పాతకాలం నల్లజీడి గింజ మార్కు జన్మలో పోదు గానీ, దాని రసం తగిలితే చర్మం పొక్కుతుంది. పైగా కొత్త చొక్కామీద నల్ల గుర్తు పెడితే ఎవరూరుకుంటారు?

బట్ట పాడవకుండా, కనీసం 20 ఉతుకులకు నిలిచే గుర్తు మీరెవరైనా ఏదైనా వాడుతున్నారా?