‘యురేనియం శుద్ధి’ అనడం సరైనదేనా?

ప్రశ్న: ఇరాన్ వార్తల్లో ‘60 శాతం శుద్ధి చేసిన యురేనియం’ అని చదివితే ఇంకా 40 శాతం మురికి ఉందేమో అనిపిస్తుంది. ఈ మాట మార్చాలా? ఇరాన్ అణు కార్యక్రమానికి పరిమితులు పెడుతూ 2015లో అమెరికా తదితర దేశాలతో వియన్నాలో కుదిరిన పత్రాన్ని ‘సంధి’ అనవచ్చా?

జవాబు: మార్చాలి. శుద్ధి అనేది వేరే దశ. ఖనిజాన్ని పిండి చేసి, రసాయనాల్లో కరిగించి, మలినాలు తీయడం శుద్ధి. ఆ తర్వాతే దాన్ని ఫ్లోరిన్‌తో కలిపి హెక్సాఫ్లోరైడ్ వాయువుగా మార్చి, సెంట్రిఫ్యూజులనే అతివేగంగా తిరిగే యంత్రాల్లో తిప్పుతారు. అక్కడ తీసేది మురికిని కాదు, యురేనియంలోనే బరువైన రకాన్ని (238). మిగల్చాల్సింది తేలికైన 235 రకాన్ని. ఒక రకంగా తూర్పారబట్టడమే. కాకపోతే ఇక్కడ కావలసింది తేలికది! రెండు రకాలకూ తేడా మూడు న్యూట్రాన్లే కాబట్టి ఒక యంత్రంతో పని జరగదు, వేల యంత్రాలను గొలుసుగా కలపాలి.

సహజ యురేనియంలో వెయ్యి పరమాణువులకు 235 రకానివి ఏడే. ఆ ఏడూ పోకుండా నిలిచాయనుకుందాం (నిజానికి కొన్ని వ్యర్థంలో పోతాయి). వాటా 3.67 శాతానికి చేరాలంటే 800కు పైగా తీసేసి 191 మిగల్చాలి. 20 శాతానికి 35 మిగలాలి, 60కి సుమారు 12, ఆయుధానికి వాడే 90కి సుమారు 8. అంటే 60 నుంచి 90కి వెళ్లడానికి తీయాల్సింది నాలుగే. వియన్నాలో 3.67 దగ్గర గీత ఎందుకు గీశారో ఈ లెక్క చెబుతుంది, ‘శుద్ధి’ చెప్పదు.

ఇంకొకరు: ‘సుసంపన్నం’ అంటే సరిపోదా?

జవాబు: తప్పు కాదు గానీ పొగడ్తలా వినిపిస్తుంది. ‘యురేనియం-235 వాటాను 60 శాతానికి పెంచారు’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. శీర్షికలో చోటు చాలదంటే ‘వాటా పెంపు’ చాలు. ‘శుద్ధి ఆపాలి’ అని శీర్షిక పెడితే అడిగేవాళ్లది మొండితనంలా కనిపిస్తుంది, బేరం దేనిమీదో తెలియదు.

కిలోల దగ్గర ఇంకో తప్పు దొర్లుతుంది. ఒప్పందం అనుమతించిన నిల్వ 300 కిలోలు, అది ఫ్లోరిన్‌తో కలిపిన హెక్సాఫ్లోరైడ్ బరువు. యురేనియం బరువులో చెబితే 202.8. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నివేదికలు యురేనియం బరువే ఇస్తాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇంకొకరు: ‘అణు కేంద్రాలు ధ్వంసం’ అనే మాట సంగతి?

జవాబు: భవనం వరకే వాడండి. 2025 జూన్‌లో ఇరాన్‌పై ఇజ్రాయెల్, అమెరికా దాడులు మొదలయ్యేనాటికి 60 శాతం నిల్వ 440.9 కిలోలని అణుశక్తి సంస్థ అంచనా. దాడుల తర్వాత అది ఎక్కడ, ఎంత ఉందో తనిఖీదారులు తేల్చలేకపోయారు. ఒప్పందం అమల్లో ఉన్నప్పుడు ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రంలో 5,060 యంత్రాలకే అనుమతి, కెమెరాలు, ముద్రలు, రోజువారీ తనిఖీ. అప్పుడు నిల్వ లెక్క తెలిసేది. బాంబు పడ్డాక గోడ కూలిందని తెలిసింది, సరుకు లెక్క పోయింది. యుద్ధం కన్నా రాయబారం మేలనేవాళ్లు శాంతి కబుర్లు చెబుతున్నారని తీసిపారేసేవారు ఈ తేడా చూడాలి. కాబట్టి ‘కేంద్రంపై దాడి జరిగింది, నిల్వ ధ్రువీకరణ కాలేదు’ అని రెండుగా రాయాలి.

ఇక ‘సంధి’. వ్యాకరణంలో సంధి జరిగితే పూర్వస్వరం పోతుంది. వియన్నాలో ఎవరి స్వరమూ పోలేదు! పైగా దాని పేరే ‘ఉమ్మడి సమగ్ర కార్యాచరణ ప్రణాళిక’. అమెరికా సెనేట్ ఆమోదించిన సంధి కాదు కనుకే అధ్యక్షుడి నిర్ణయంతో బయటికి రాగలిగారు. ‘ఒప్పందం’ అంటే చాలు.

‘ఉల్లంఘన’ రాసేటప్పుడు తేదీలు చూసుకోండి. అమెరికా వైదొలగింది 2018 మే 8న, ఇరాన్ 300 కిలోల, 3.67 శాతం పరిమితులు దాటింది 2019 జులైలో. వరుస తిరగేస్తే కారణమే మారిపోతుంది.