మాంసం వండని ఇంట్లో పిల్లికి ఏం పెట్టాలి? రోజూ పెరుగన్నం ఫరవాలేదా?

మాంబళం_మేడమీద:

చెన్నైలో ఉంటాం. పిల్లి ఆడది, మూడేళ్లు, ఆపరేషన్ అయింది, బరువు 3.8 కిలోలు, ఫ్లాట్ దాటి బయటికి పోదు. ఇంట్లో మాంసం, చేప వండం. గుడ్డుకి అభ్యంతరం లేదు. పొద్దున ఓ గుప్పెడు డ్రై ఫుడ్, మధ్యాహ్నం, రాత్రి పెరుగన్నం. పేచీ లేకుండా తింటుంది. ఇలాగే సాగించవచ్చా? వంటింట్లో ఉండేవాటిలో ఏవి పెట్టవచ్చు, ఎంతెంత? పాలు తాగితే విరేచనాలు అవుతున్నాయి, నీళ్లు కలిపి పోస్తే సరిపోతుందా?

తూకంరాయి:

పెరుగన్నం విషం కాదండీ. పొట్ట నింపుతుంది గానీ ఒంటికి కావలసింది ఇవ్వదు, అదీ చిక్కు. లెక్క చూడండి. మీ పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు చాలు. 100 గ్రాముల అన్నంలో 50 గ్రాముల పెరుగు కలిపితే 160 కేలరీలు అక్కడికక్కడే అయిపోతాయి. అందులో ప్రోటీన్ నాలుగున్నర గ్రాములు. దానికి రోజుకు కనీసం 13 గ్రాములు అందాలి. ఆకలి తీరిపోయింది కనుక మిగతాది ఇంకెక్కడా తినదు.

అంతకంటే పెద్ద లోటు టారిన్ అనే పోషకం. మన ఒంట్లో అది తయారవుతుంది, పిల్లి ఒంట్లో తయారయ్యేది అవసరానికి చాలదు. పైగా పిత్తరసం కోసం దాన్నే వాడి రోజూ కొంత పోగొట్టుకుంటుంది. అది దండిగా దొరికేది మాంసంలో, చేపలో. బియ్యం, పప్పులు, కూరగాయల్లో లేనట్టే. పాలు, పెరుగు, గుడ్డులో ఉన్నది ఏ మూలకూ సరిపోదు. నెలల తరబడి అందకపోతే కంటి రెటీనా దెబ్బతింటుంది, గుండె కండరం బలం తగ్గి గుండె సాగిపోతుంది. ఈ గుండె జబ్బుకు టారిన్ లోపం కారణమని 1987లో తేలాకే కంపెనీలు పిల్లి తిండిలో టారిన్ పెంచాయి. గుండె విషయంలో తొందరగా పట్టుకుంటే టారిన్ ఇచ్చి చాలావరకు బాగుచేయవచ్చు. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. మొదట్లో పైకి ఏ లక్షణమూ కనిపించదు, అందుకే ‘ఇష్టంగా తింటోంది’ అన్న మాట మీద భరోసా పెట్టుకోకండి.

రోజు తిండిలో 90 శాతం ‘కంప్లీట్’ (అంటే కావలసిన పోషకాలన్నీ ఉన్నది) అని రాసి ఉన్న పిల్లి ఆహారమే ఉండాలి. ప్యాకెట్ వెనక ‘కాంప్లిమెంటరీ’ అని ఉంటే అది చిరుతిండి కిందే లెక్క. ట్యూబుల్లో వచ్చే క్రీములు చాలావరకు ఆ రకమే. డ్రై ఫుడ్ గ్రాముకు మూడున్నర నుంచి నాలుగు కేలరీలు ఉంటుంది, అంటే రోజుకు 45 నుంచి 50 గ్రాములు. గుప్పెడు కొలత మనిషి మనిషికీ మారుతుంది. చిన్న ఎలక్ట్రానిక్ తూకం మీద తూచి పెట్టండి.

మిగిలిన 20 కేలరీలు మీ వంటింటివి. ఉడికించిన గుడ్డయితే పావు వంతు, ఉత్త అన్నమైతే ఒక టేబుల్ స్పూను. పెరుగు ఒక టీస్పూను మించకుండా, తాలింపూ ఉప్పూ లేకుండా. వీటిలో రోజుకు ఒకటే, అన్నీ కలిపి కాదు. గుడ్డు పచ్చిది వద్దు: పచ్చి తెల్లసొనలోని అవిడిన్ బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు, సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం వేరే. పూర్తిగా ఉడికిస్తే రెండూ పోతాయి. మలవిసర్జన గట్టిగా అవుతుంటే ఉడికించి మెదిపిన తీపి గుమ్మడి ఒక టీస్పూను తిండిలో కలపండి. బీన్స్, క్యారెట్ మెత్తగా ఉడికించి రెండు ముక్కలు పెడితే హాని లేదు, పెద్ద లాభమూ లేదు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌ను పిల్లి విటమిన్ ఏగా మార్చుకోలేదు.

పాలు మానేయండి. ఆవిన్ పాల ప్యాకెట్ ఏ రంగుదైనా మారేది వెన్న శాతమే, లాక్టోజ్ అనే పాలలోని చక్కెర మాత్రం అన్నిటిలోనూ నాలుగున్నర, అయిదు శాతం మధ్యే. పెద్ద పిల్లుల్లో చాలావాటికి దాన్ని అరిగించే శక్తి తగ్గిపోతుంది. నీళ్లు కలిపినా గిన్నెలో పోసిన పాల లాక్టోజ్ ఎక్కడికీ పోదు కదా.

వేపేరి_వీధి:

పెరుగన్నం కంటే సాంబారన్నం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే చెన్నై ఇళ్లలో కంచంలో మిగిలింది పిల్లికి పెట్టేది ఎక్కువగా అదే. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లి చాలు. మీ పిల్లికి అది 19 గ్రాములు, అంటే సాంబారులో వేసే చిన్న ఉల్లిపాయలు మూడో నాలుగో. రోజూ కొంచెం కొంచెంగా తిన్నా నష్టం పోగుపడుతుంది. వెల్లుల్లి ఇంకా ఘాటు. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. పొడిలో నీరు ఉండదు కాబట్టి చిటికెడు కూడా ఎక్కువే. కూరలో ముక్క తీసి కడిగి పెట్టడం వల్లా లాభం లేదు, రసం లోపలికి ఇంకిపోయి ఉంటుంది. లక్షణాలు వెంటనే కాదు, కొద్ది రోజులకు బయటపడతాయి: చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం, ఆయాసం, ఓ మూల కదలకుండా పడుకోవడం.

చక్కెర పొంగలి, పాయసంలోని ఎండుద్రాక్ష పిల్లికి అందనివ్వకండి, మూత్రపిండాలకు ప్రమాదం. పిల్లి నాలుకకు తీపి తెలియదు. గిన్నె దగ్గరికి వచ్చేది నెయ్యి, పాల వాసనకే. చాక్లెట్, కాఫీ, టీ అసలు వద్దు. తిండి కాకపోయినా ఇక్కడే చెప్పాలి: జ్వరంగా అనిపించిందని పారాసెటమాల్ ఎప్పుడూ వేయకండి. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

తినకూడనిది తింటే ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని చూడకండి, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. ఏం తిన్నది, ఎంత, ఎన్ని గంటలకు, పిల్లి బరువెంత అన్నది కాగితం మీద రాసుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. నగరంలో వేపేరి మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది.

మాంబళం_మేడమీద:

ఇద్దరికీ ధన్యవాదాలు. పెరుగన్నం తగ్గిస్తాం. కింద ఫ్లాట్ వాళ్లు ఉడికించిన చికెన్, అప్పుడప్పుడు మత్తి చేపలు ఇస్తామంటున్నారు. ఎలా ఉడికించమని చెప్పాలి? రోజూ అదే పెడితే డ్రై ఫుడ్ మానేయవచ్చా?

కాసిమేడు_గంప:

మానేయకూడదండీ. 100 గ్రాముల చికెన్‌లో ఫాస్ఫరస్ 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, కాల్షియం 15 మించదు. రెండూ ఇంచుమించు సమానంగా ఉండాలి. ఉత్త మాంసమే పెడితే ఆ తేడాను పూడ్చడానికి ఒళ్లు ఎముకల్లోని కాల్షియం లాగేస్తుంది. పిల్లికూనల్లో కాళ్లు వంకరపోవడం, దూకితే ఎముక విరగడం ఇలాగే జరుగుతుంది.

చికెన్ బ్రెస్ట్ చర్మం, ఎముక లేకుండా, రెండంగుళాల ముక్కలు. మునిగేంత నీళ్లు మాత్రమే పోసి చిన్న మంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, లోపల గులాబీ రంగు పోయేదాకా. ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద, సూప్ క్యూబ్ ఏవీ వేయవద్దని గట్టిగా చెప్పండి. టారిన్ నీళ్లలోకి దిగుతుంది కాబట్టి ఆ నీళ్లు పారబోయకుండా ముక్కల మీదే పోయాలి. రోజుకు 12 గ్రాములు, అంటే బొటనవేలి మొదటి కణుపంత, ఇదే ఆ రోజు 20 కేలరీల వాటా. ఫ్రిజ్‌లో మూడు రోజులు. పెట్టేముందు గిన్నెను వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేస్తే వాసన లేస్తుంది, చప్పున తింటుంది. ఏప్రిల్, మే ఎండల్లో అరగంట దాటితే మిగిలింది తీసి పారేయండి.

మత్తి, అంటే మన కవళ్లు, నెత్తళ్లు లాంటి చిన్న చేపల్లో కొన్ని రకాలలో థయామినేజ్ ఉంటుంది. అది విటమిన్ బి1ను నాశనం చేస్తుంది. పచ్చి చేపలే మేపితే మెడ వాలిపోవడం, తూలడం, మూర్ఛలు వస్తాయి. ఆవిరి మీద పది నిమిషాలు పూర్తిగా ఉడికితే థయామినేజ్ పోతుంది. తల, పొట్ట, నడుం ముల్లు తీసేసి వేళ్లతో నలిపి చూడాలి. ఉడికిన కోడి ఎముకలు కూడా ఇవ్వవద్దు, చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. చేప వారానికి ఒకటి రెండుసార్లు, 15 గ్రాములు. కరువాడు, అంటే ఎండుచేప, మాత్రం వద్దు, ఉప్పు మరీ ఎక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇక్కడ మరపడవల వేట నిషేధం కనుక దొరికే చేప ఐస్‌లో ఎన్నాళ్లదో చెప్పలేం. మొప్పలు ఎర్రగా లేకపోతే పెట్టకండి.

తూకంరాయి:

పెరుగన్నం ఒక్కసారిగా ఆపకండి. పది రోజులు తీసుకోండి. మొదటి మూడు రోజులు ఒక పూటే పెరుగన్నం, అదీ సగం. రెండో పూట డ్రై ఫుడ్‌ను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి పైన అర టీస్పూను పెరుగు. తర్వాత నాలుగు రోజులు అన్నం ఒక టేబుల్ స్పూనుకు దించండి, ఆపై పైన వేసే పెరుగు కూడా తగ్గిస్తూ రండి. అలిగి కూర్చుంటే ‘ఆకలేస్తే అదే తింటుంది’ అని పంతానికి పోకండి. తిండి మానిన పిల్లికి రెండు మూడు రోజుల్లోనే కాలేయంలో కొవ్వు పేరుకుపోతుంది, లావుగా ఉన్నదానికి ఇంకా తొందరగా. 24 గంటలు ఏమీ ముట్టకపోతే ఒక అడుగు వెనక్కి వేసి పాత తిండి పెట్టండి. అదీ తినకపోతే ఆ రోజే డాక్టర్‌కు చూపించండి.