‘అంతరఖండం’ మైనస్ ఎలా అవుతుంది?

మా అన్నయ్య కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం, తెలుగు మీడియం. నిన్న సరళరేఖల లెక్కలు చేస్తూ 3ఎక్స్ − 4వై = 12 దగ్గర ఆగింది. −4వై మీద బొటనవేలు పెట్టి మూసేసి, మిగిలిన 3ఎక్స్ = 12 చూసి ఎక్స్ అంతరఖండం 4 అని టకటకా రాసేసింది. తర్వాత 3ఎక్స్ మూసింది, −4వై = 12 వచ్చింది, వై అంతరఖండం 3 అని రాసింది. మైనస్ ఏదమ్మా అంటే, “ఖండం అంటే ముక్క కదా అత్తా, ముక్క మైనస్ మూడు ఎలా ఉంటుంది?” అంది.

నిజంగా మంచి ప్రశ్న. మాటే దాన్ని అటు తీసుకెళ్లింది. గీత అక్షాన్ని కోసిన చోటికీ, రెండు అక్షాలూ కలిసే మూలబిందువుకీ నడుమ ఉన్న ముక్క కాబట్టి అంతరఖండం అన్నారు, ఇంగ్లీషు ఇంటర్‌సెప్ట్ కూడా లాటిన్‌లో ‘నడుమ పట్టుకోవడం’ నుంచి వచ్చిందే, అలా చూస్తే మనవాళ్లు బాగానే కుదిర్చారు. కానీ లెక్కలో అది ఉత్త పొడవు కాదు, వై అక్షాన్ని మూలబిందువుకి పైన కోస్తే ప్లస్, కింద కోస్తే మైనస్. ఆ సంగతి మాటలో లేదు. ‘కోత’ అంటే ఎలా ఉంటుందంటారు?

జవాబు: కోత వద్దండీ. కరెంటు కోత, వరికోత గుర్తొస్తాయి, పైగా అది కోసే పని, కోయగా వచ్చింది కాదు. నేను లెక్కలు చెప్పిన రోజుల్లో పిల్లలు ఎక్కువగా తడబడింది ఖండన బిందువుకీ అంతరఖండానికీ మధ్య. రెండింట్లోనూ ‘ఖండ’ ఉంది మరి. అందుకే బోర్డు మీద రెండే మాటలు రాసేవాణ్ణి: ఎక్కడ, ఎంత. ఎక్కడ ఖండించింది? (0, −3) దగ్గర. అంతరఖండం ఎంత? −3.

ఇంకో జవాబు: 3ఎక్స్ = 4వై తీసుకోండి, మూలబిందువు గుండానే పోతుంది, రెండు అంతరఖండాలూ సున్నా. అక్కడ అసలు ముక్కే లేదు! దాన్ని అంతరఖండ రూపంలో, అంటే ఎక్స్ కింద, వై కింద వాటి అంతరఖండాలు హారాలుగా వచ్చేలా, రాయలేకపోవడం కూడా అందుకే, హారంలో సున్నా వచ్చి కూర్చుంటుంది.

మాస్టారూ, ఆ ‘ఎక్కడ, ఎంత’ ఇవాళే చెప్పాను. తర్వాత సమీకరణం మొత్తాన్ని 12తో భాగించమన్నాను. ఎక్స్/4 + వై/(−3) = 1 అని రాసుకుని, కింద ఉన్న −3 చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టింది.